గుమ్మళ్ళ వారి అప్పడాల వెబ్‌సైటు

కొండ్రుపాలెంలో గుమ్మళ్ళ వారి ఇంట్లో అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే, మేం తెలివితక్కువ వాళ్ళమేమో అన్న అనుమానం.

ఆ ఇంట్లో మనుషులు నలుగురు. తల్లి అప్పలనరసమ్మ, పెద్దకొడుకు సూరయ్య, అతని భార్య బంగారమ్మ, పెళ్ళికాని రెండో కొడుకు గవరయ్య. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకున్నాకే వాళ్ళు పళ్ళు తోముకునేవారు.

"డాక్టరు రోజూ రెండు కిలోమీటర్లు నడవమన్నాడు. నడుస్తున్నాను. రెండంటే రెండే!" అనేవాడు సూరయ్య.

అందులో అబద్ధం లేదు. రోజూ రెండో కిలోమీటరు రాయి దాకా నడిచి, ఆ రాయి మీదే కూర్చుని బస్సు కోసం చూసేవాడు. వెనక్కి నడిస్తే నాలుగైపోవూ! బస్సు రాని రోజున భోజనం అక్కడికే క్యారియర్‌లో వెళ్ళేది. ఆ క్యారియర్ మోసుకెళ్ళిన బంగారమ్మ మాత్రం నడిచే తిరిగొచ్చేది. ఆమెకి డాక్టరు ఏమీ చెప్పలేదు కదా.

"మనింట్లో ఉన్న తెలివి ఊరంతా పంచినా ఇంకా మిగులుద్ది" అనేది అప్పలనరసమ్మ.

"పంచకే అమ్మా, అయిపోద్ది" అనేవాడు గవరయ్య.

ఒక్క మాట వాళ్ళ తరఫున కూడా చెప్పాలి. ఆ ముసలమ్మ చేతి అప్పడం లాంటి అప్పడం ఆ జిల్లాలో లేదు. మినప్పిండిలో జీలకర్ర, ఇంగువ, అప్పడం పొంగడానికి వేసే ఖారం కలిపి, రోట్లో వేసి రోకటితో చేతులు పడిపోయేదాకా దంచుతారు. ఉండలు చేసి, కర్రతో ఒత్తి, నీడన ఆరబెట్టి, వందేసి కట్టలు కట్టి అటక మీదికి చేరుస్తారు. నడుం వంచి పని చేసినవాడికే తెలుస్తుంది ఒక్కో అప్పడంలో ఎంత ఒళ్ళు కరిగిందో. అలాంటి కష్టాన్ని ఎలా తగలేశారో వినండి.

పట్నంలో ఒక షావుకారు ఏళ్ళ తరబడి ఆ అప్పడాలన్నీ ఒక్కడే కొనేవాడు. ఒక వేసవిలో అతనికి మోకాళ్ళు పట్టేశాయి, దుకాణం మూసేశాడు. అప్పటికి అటక మీద పద్దెనిమిది వేల అప్పడాలున్నాయి. తొలకరికి ఇంకా ఇరవై రోజులు.

"చినుకు పడిందా, అటకంతా చెమ్మెక్కి బూజు పట్టేస్తది. ఏడాది కష్టం నాయనా! ఇవి పోతే మళ్ళీ మినుములు కొనడానికి కూడా మన దగ్గర ఏటీ ఉండదు" అంది ముసలమ్మ, కాయలు కాసిన అరచేతులు చూసుకుంటూ.

గంపకెత్తుకుని నాలుగు ఊళ్ళు తిరిగితే వారంలో అమ్ముడుపోయే సరుకు! కానీ అంత తెలివిగల వాళ్ళు గంప నెత్తిన పెట్టుకుంటారా? "ఇప్పుడు లోకమంతా ఇంటర్నెట్టులోనే కొంటోంది" అన్నాడు గవరయ్య. అంతే, అన్నదమ్ములిద్దరూ మండల కేంద్రంలో కంప్యూటర్ షాపు నడిపే చక్రధర్ దగ్గరికి వెళ్ళారు.

చక్రధర్ మంచివాడు. అదే అతని ఖర్మ.

"బాబాయ్, ముందు మీ సైటుకి ఒక పేరు కావాలి. ఆ పేరు ప్రపంచంలో ఇంకెవరికీ ఉండకూడదు. ఇల్లు రిజిస్టరు చేయించుకున్నట్టే పేరు కూడా రిజిస్టరు చేయించుకోవాలి. అది అయ్యేదాకా ఎవరికీ చెప్పకండి. వింటే ముందుగా వాళ్ళు తీసేసుకుంటారు" అన్నాడు.

ఇంకేముంది! ఇంటికొచ్చి తలుపులన్నీ వేసి, పిల్లిని బయటికి తోలి, ముసలమ్మ చెవిలో పేరు అనుకున్నారు. 'నరసమ్మ అప్పడం'. తెలుగు అక్షరాల్లోనే పెట్టుకోవచ్చని చక్రధర్ చెప్పాడు. బాగానే ఉంది. ఇక అది ఇంకెవరికీ లేదని తేల్చుకోవాలి. సూరయ్య తువ్వాలు భుజాన వేసుకుని ఇంటింటికీ బయల్దేరాడు.

"మీ ఇంట్లో ఆ పేరు ఎవరికైనా ఉందా?"

"ఏ పేరు?"

"అది చెప్పకూడదు. ఉందా లేదా?"

"ఏ పేరో చెప్పకుండా ఉందో లేదో ఎలా చెప్తాం సూరయ్యా?"

"లేదన్నమాట. ఒక ఇల్లు అయింది."

ఇలా ముప్ఫై ఇళ్ళు తిరిగాడు. ముప్ఫై ఒకటో ఇల్లు దర్జీ దండాసిది. అతను చేతిలో జాకెట్టు వదల్లేక, ఇతన్ని వదిలించుకోవడానికి "ఉంది, మా మేనల్లుడికి ఉంది, వెళ్ళు" అన్నాడు.

సూరయ్య ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, కొంప మునిగింది! నేను పేరు చెప్పనే లేదు, అయినా ఉందనేశాడు. అంటే మన పేరు బయటికి పొక్కిపోయింది!"

"పిల్లి వినేసుంటది" అంది బంగారమ్మ.

ఆ రోజు పేరు మూడుసార్లు మార్చారు. నాలుగోసారి మళ్ళీ మొదటి పేరే పెట్టారు. ఒకసారి వదిలేశాం కాబట్టి దాని మీద ఎవరి కన్నూ ఉండదని ముసలమ్మ లెక్క.

మర్నాడు షాపులో చక్రధర్ కీబోర్డు ముందు కూర్చుని, "చెప్పండి బాబాయ్, ఏం పేరు?" అన్నాడు.

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "చూశావా తమ్ముడూ, మనల్ని పరీక్షిస్తున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నవాడే అడుగుతున్నాడు. మేం చెప్పం బాబూ."

"నాకు చెప్పాలి కదా!"

"నువ్వు ఎవరిలోనూ చేరవా ఏటి?"

చక్రధర్ కుర్చీలోంచి లేచి కీబోర్డు వాళ్ళకి వదిలేశాడు. సూరయ్య తల మీద, కీబోర్డు మీద, తెర మీద కలిపి తువ్వాలు కప్పుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. గంటన్నర పట్టింది. బయట జెరాక్సుల కోసం వచ్చినవాళ్ళు, లోపల ఎవరికో ఆవిరి పడుతున్నారనుకున్నారు. మొత్తానికి పేరు రిజిస్టరైంది. "ఏడాది పాటు ఇది మీదే. ఏడాదికోసారి మళ్ళీ డబ్బు కట్టుకుంటూ ఉండాలి" అని చక్రధర్ చెప్పి, రెండు రోజుల్లో సైటు తయారుచేసి పెట్టాడు. ఇంటి అడ్రసు, గవరయ్య ఫోన్ నంబరు అందులో వేశాడు.

వారం గడిచింది. ఒక్కడంటే ఒక్కడు అప్పడం అడగలేదు. తొలకరి ఇంకా పదకొండు రోజులు.

"సైటు పేరు ఎంతమందికి చెప్పారు?" అని అడిగాడు చక్రధర్.

"ఎవరికీ చెప్పలేదు బాబూ! మేం మాట తప్పే మనుషులం కాదు. బంగారమ్మ నిద్రలో కలవరిస్తదని మూతికి గుడ్డ కట్టుకుని పడుకుంటోంది" అన్నాడు సూరయ్య.

చక్రధర్ నుదురు రుద్దుకున్నాడు. "ఇక చెప్పొచ్చు. అందరికీ చెప్పండి. ఇంకో సంగతి చూడండి, నేను 'అప్పడాలు' అని వెతుకుతున్నాను. ముందు పేజీలో వేరేవాళ్ళే ఉన్నారు. రెండో పేజీ, మూడో పేజీ... ఇదుగో, మనం పదకొండో పేజీలో ఉన్నాం. పదకొండో పేజీ దాకా ఎవడొస్తాడు?"

"నువ్వొచ్చావు కదా" అన్నాడు గవరయ్య.

"నేను మీకోసం వచ్చాను!"

"మరి అందరూ అలాగే వస్తారు."

కోపం వచ్చినా చక్రధర్ ఓపిగ్గానే చెప్పాడు. "మనం మొదటి పేజీలోకి రావాలి. జనం ఏం వెతుకుతున్నారో తెలుసుకుని, ఆ మాటలు సైట్లో రాయాలి. రోజూ కొత్తగా రాయాలి." ఫోన్లోంచి సైట్లో ఎలా రాయాలో గవరయ్యకి నేర్పాడు. అక్కడే చేశాడు పొరపాటు.

జనం ఏం వెతుకుతున్నారో తెలుసుకోవడం ఎంతసేపు? వదినా మరిదీ ఇద్దరూ ఊరి మీద పడ్డారు. ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న: "మీరేం వెతుకుతున్నారు?" కరణంగారి తమ్ముడు కళ్ళజోడు వెతుకుతున్నాడు. దండాసి సూది వెతుకుతున్నాడు. పోస్టుమాస్టరు తాళంచెవులు వెతుకుతున్నాడు. పైవీధిలో ఒకామె చెవి తెగిన మేక కోసం మూడు రోజులుగా తిరుగుతోంది. ఇంకొకాయన కూతురికి ఆరడుగుల పెళ్ళికొడుకుని వెతుకుతున్నాడు.

"అప్పడాలు ఎవరూ వెతకడం లేదేటి?" అంది బంగారమ్మ.

"అందుకే మనకి గిరాకీ లేదు వదినా. ఇప్పుడు అర్థమైంది" అన్నాడు గవరయ్య. అంతే, అప్పడాల మాట తీసేసి, 'చెవి తెగిన మేక, ఆరడుగుల పెళ్ళికొడుకు, తాళంచెవులు, కళ్ళజోడు, సూది. అన్నీ ఇక్కడే' అని సైట్లో రాసిపారేశాడు. రోజూ కొత్తగా రాయమన్నాడు కదా, రోజూ ఒక కొత్త వస్తువు చేర్చాడు.

నాలుగో రోజు పొద్దున్నే ఒక మనిషి రొప్పుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పక్కఊరి కోటప్పడు. చేతిలో మేకతాడు.

"నా మేక ఏదీ?"

"ఏ మేక?" అన్నాడు సూరయ్య.

"చెవి తెగినది. ఫోన్లో వెతికితే మొట్టమొదట మీ పేరే వచ్చింది. అన్నీ ఇక్కడే అని రాశారు."

"మొట్టమొదటే వచ్చిందా!" సూరయ్య ఆనందం పట్టలేక అతన్ని కౌగిలించుకున్నాడు. "అమ్మా, మొదటి పేజీ అంట!"

"మేక ఏదయ్యా?"

"మేక లేదు. నువ్వు వెతుకుతావని రాశాం. వెతికావు. సరిపోయింది కదా!"

కోటప్పడు నోరు తెరిచేలోగా ఇంకో పెద్దమనిషి ఆటో దిగాడు. లింగమూర్తి అట, రిటైరైన మేష్టారు. "ఆరడుగుల పెళ్ళికొడుకు ఎవరండీ?" అన్నాడు. గవరయ్యని తీసుకొచ్చి నిలబెట్టారు. ఐదడుగుల రెండంగుళాలు. "పీట మీద నిలబడతాడు" అంది బంగారమ్మ. మేష్టారు వెనక్కి తిరిగాడు.

సరిగ్గా అప్పుడే చక్రధర్ ఫోన్ చేశాడు. "గవరయ్యా, ఏం చేశావో కానీ సైటుకి జనం వస్తున్నారు. కానీ వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతున్నారు. అలా అయితే మళ్ళీ కిందకి పడిపోతాం. వచ్చినవాళ్ళని కాసేపు ఉండేలా చూడు. ఎలా ఉందో వాళ్ళ చేతే అభిప్రాయం రాయించు. వాళ్ళు ఏమంటే అదే ఉండాలి, నువ్వు ఒక్క అక్షరం మార్చొద్దు."

"అన్నయ్యా! వచ్చినవాళ్ళు వెళ్ళిపోకూడదంట!"

ఇంకేముంది! కోటప్పడినీ మేష్టారినీ ముందుగదిలోకి తోసి బయట గొళ్ళెం పెట్టేశారు.

"ఒరేయ్, ఇదేం మర్యాదరా!" అని లోపల్నుంచి మేష్టారు కేకలు.

"కాసేపే మేష్టారూ! మీరు వెంటనే వెళ్ళిపోతే మేం కింద పడిపోతాం" అని బంగారమ్మ బతిమాలింది.

ఇంటికొచ్చిన మనుషులకి ఏమీ పెట్టకుండా కూర్చోబెట్టడం ముసలమ్మకి ప్రాణం ఒప్పలేదు. మూకుడు పెట్టి అప్పడాలు వేయించి, కిటికీ చువ్వల్లోంచి ఒక్కొక్కటీ అందించింది. కోటప్పడు కోపంగానే ఒకటి కొరికాడు. రెండోది కాస్త తక్కువ కోపంతో కొరికాడు. మేష్టారు మూడోది అడిగి తీసుకున్నాడు.

గవరయ్య ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. "అప్పడం ఎలా ఉంది? మీ అభిప్రాయం చెప్పండి."

"తలుపు తియ్యరా!"

'తలుపు తియ్యరా' అని రాసుకున్నాడు. "మీరు మేష్టారూ?"

"కరకరలాడుతోంది, ఇంగువ దివ్యంగా ఉంది, ముందు తలుపు తీసి చావండి!"

ఒక్క అక్షరం మార్చకుండా అంతా సైట్లో ఎక్కించాడు.

గంట తర్వాత గొళ్ళెం తీశారు. కోటప్పడు బయటికొచ్చి, తాడు భుజాన వేసుకుని, "మేక ఎలాగూ దొరకలేదు, ఆ అప్పడాలు రెండు కట్టలివ్వండి, ఇంటికి పట్టుకెళ్తా" అన్నాడు. మేష్టారు కూడా ఐదు కట్టలు కావాలన్నాడు.

సూరయ్య జాలిగా నవ్వాడు. "ఇక్కడ అమ్మం నాయనా. ఇది ఇల్లు. కొనాలంటే సైటుకి వెళ్ళాలి."

గుమ్మంలోకొచ్చిన బేరం! డబ్బు చేతిలో పట్టుకుని నిలబడ్డ మనుషులు! వాళ్ళని అలా పంపేసినవాణ్ణి ఏమనాలి? ఏ మాటా సరిపోదు.

అయితే మూర్ఖుల అదృష్టం చెప్పతరం కాదు. ఎక్కడో పట్నంలో ఒకడు ఆ అభిప్రాయాలు చదివి పడీపడీ నవ్వాడు. పదిమందికి పంపాడు, వాళ్ళు వందమందికి పంపారు. గది తలుపు వేసి మరీ తినిపించే ఆ అప్పడం ఏమిటో చూడాలని జనం ఎగబడ్డారు. మూడు రోజుల్లో 'అప్పడాలు' అని ఎవరు వెతికినా మొదటి పేజీలో మొదటి పేరు నరసమ్మ అప్పడమే. నాలుగు వందల మంది ఆర్డర్లు పెట్టారు. లెక్క చూస్తే అటక మొత్తం ఖాళీ అయి, ఇంకా తక్కువ పడేటట్టుంది.

చక్రధర్ మోటారుసైకిల్ మీద ఎగురుకుంటూ వచ్చాడు. "మామ్మగారూ, మీ కష్టం దక్కింది! తొలకరికి ఇంకా నాలుగు రోజులుంది. రెండు రోజుల్లో పార్సిళ్ళన్నీ కట్టేయొచ్చు."

ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ ఒక్క గంటా ఆ ఇంట్లో నిజంగా పండగే.

సైట్లో ఫోటో లేదని అప్పుడు గుర్తొచ్చింది చక్రధర్‌కి. అటక మీంచి ఒక అప్పడం తీసి, కంచంలో పెట్టి, ఎండలో ఫోటో తీసి సైట్లో పెట్టాడు. వెళ్తూ వెళ్తూ జాగ్రత్తలు చెప్పాడు. "ఫోటోలో ఉన్నదే కొన్నవాళ్ళకి అందాలి. వేరేది వెళ్ళిందా, తిట్లు రాస్తారు, మొదటి పేజీ పోతుంది. ఏం జరిగినా ముందు సైటుని కాపాడుకోండి." రెండు రోజుల్లో లారీ తెస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగాక సూరయ్య ఫోటో పెద్దది చేసి చూశాడు. అంచున చిన్న నెర్రె, నడుమ మూడు జీలకర్ర గింజలు. అటక మీంచి ఒక కట్ట దింపి పైది తీసి చూశాడు. నెర్రె లేదు. రెండోది చూశాడు. గింజలు ఐదు.

"అమ్మా, ఇవేవీ ఫోటోలోది కాదే!"

"పద్దెనిమిది వేలున్నాయి, ఎక్కడో ఉంటది, వెతకండి" అంది ముసలమ్మ.

అంతే. కట్టలన్నీ దింపారు. తాళ్ళన్నీ విప్పారు. ఇంట్లో వెలుగు చాలదని పద్దెనిమిది వేల అప్పడాలనీ వాకిట్లో చాపల మీద పరిచారు. నలుగురూ గొంతుక్కూర్చుని, ఒక్కో అప్పడం ఎత్తి, ఫోన్ పక్కన పెట్టి చూసి, "కాదు" అనడం మొదలుపెట్టారు. కాదు, కాదు, కాదు. వీధిలో పోయేవాళ్ళు ఆగి, వీళ్ళు ఎవరి మీదో ఒట్లు పెట్టుకుంటున్నారనుకున్నారు.

మొదటి రోజు ఆరు వేలు చూశారు. రెండో రోజు మధ్యాహ్నానికి పది వేలు దాటారు. అప్పుడు పడమటివైపు నల్లగా ముసిరింది. చెప్పిన రోజుకంటే రెండు రోజులు ముందే వచ్చింది తొలకరి.

"ఒసే బంగారం, మబ్బేసింది, లోపల పెట్టుకోండే!" అని ఎదురింటామె అరిచింది.

"ఎలా పెడతాం పిన్నీ? చూసినవీ చూడనివీ కలిసిపోవూ!" అంది బంగారమ్మ.

పెద్ద చినుకు ఒకటి సూరయ్య ముక్కు మీద పడింది. ఇంట్లో ఒక్కటే టార్పాలిన్ పట్టా ఉంది, వాకిలంతటినీ కప్పేంత పెద్దది. గవరయ్య దాన్ని ఈడ్చుకొచ్చాడు. నాలుగు కొసలూ నలుగురూ పట్టుకున్నారు.

"అన్నయ్యా, దేని మీద కప్పాలి?"

"మర్చిపోయావా? ఏం జరిగినా ముందు సైటుని కాపాడమన్నాడు!"

అంతే, ఫోన్‌ని పీట మీద పెట్టి, అంత పట్టానీ నాలుగు మడతలు వేసి, ఆ ఫోన్ మీద పందిరిలా పట్టుకుని నిలబడ్డారు. వాన దంచికొట్టింది. చుట్టూ పద్దెనిమిది వేల అప్పడాలు నాని, ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, మళ్ళీ మినప్పిండి అయిపోతున్నాయి.

చక్రధర్ లారీ దిగి, మోకాళ్ళ లోతు పిండిలోంచి పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేశారయ్యా! మామ్మగారూ, ఏమిటిది!"

"కంగారు పడకు బాబూ, సైటు మీద చుక్క పడలేదు" అన్నాడు సూరయ్య గర్వంగా. "ఫోటోలో అప్పడం ఒక్కటే ఇంకా దొరకలేదు."

"ఆ అప్పడమా?" చక్రధర్ నెత్తి కొట్టుకున్నాడు. "ఫోటో తీశాక మామ్మగారే వేయించి పెట్టారు. అది నేను తినేశాను!"

సూరయ్య మొహం వెలిగిపోయింది.

"అయితే దొరికింది! అమ్మా, దొరికింది! ఇతని కడుపులో ఉంది!"

"మరి నాలుగొందల మంది అడిగారు, ఇతనొక్కడే ఉన్నాడు, ఎవరికి పంపుదాం?" అంది బంగారమ్మ.

"ముందు ఎవరు అడిగారో వాళ్ళకే" అన్నాడు గవరయ్య, గోనెపట్టా, తాడూ అందుకుంటూ.

చక్రధర్ పారిపోబోయి పిండిలో జారి పడ్డాడు. అతని చొక్కా మీద వాన టపటపా కొడుతుంటే చూసి అప్పలనరసమ్మ గుండె తరుక్కుపోయింది.

"ఒలమ్మో! ఏటలా చూస్తారు! ఆ పట్టా ఇటు తెచ్చి ఇతని మీద కప్పండర్రా. తడిస్తే లోపల అప్పడం మెత్తబడిపోద్ది!"